నలభై గీతలు

"బిడ్డను యాడ దాచినవో చెప్తవా, నిన్నే ఠాణాకు తోల్కపోవాల్నా?"

ఇన్‌స్పెక్టర్ దేవదాస్ లాఠీ కొసతో ముందున్న టైపు మిషనును తట్టాడు. మిషను లోపల ఎక్కడో చిన్న గంట టింగుమంది. ఆ మాత్రం చప్పుడుకే చంద్రవ్వ ఉలిక్కిపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనెందుకు దాస్త సారూ? దోస్తు గంగుబాయి ఇంట్ల కూసొని రాసుకుంటనని పొద్దుగాల ఎనిమిదింటికి పోయింది."

"గంగుబాయి ఇంటికి జవాన్ను పంపిన. నీ బిడ్డ ఆడికి పోనేలే."

చంద్రవ్వ పక్కనున్న బల్ల అంచు పట్టుకుంది. కూతురు అనసూర్య పది నిమిషాలు ఆలస్యమైతేనే ఆమెకు లారీ చక్రాలు, పాము పడగ, పాడుబడ్డ బావి వరసగా కళ్ళకు కట్టేవి. అలాంటిది రెండు గంటలకు పైగా పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బావులన్నీ, బండ్లన్నీ ఒక్కసారే మీదికొచ్చినట్టయింది.

మొగుడు భివండీలో మరమగ్గాల మిల్లులో ఉన్నాడు. తను ఇంటి దగ్గర నూలు కండెలు చుడుతుంది. పందొమ్మిదేళ్ళ బిడ్డ మెట్రిక్ ప్యాసై, టైపు లోయరు ప్యాసై, కోర్టులో కూర్చుని సాక్షి చెప్పింది చెప్పినట్టు షార్ట్‌హ్యాండ్ గీతల్లో రాసే కొలువు కోసం ఏడాదిగా కైలాసం మాస్టరు ఇన్‌స్టిట్యూట్‌కు వస్తోంది. మొదట్లో పిల్ల నిద్రలో కూడా చూపుడువేలు తొడ మీద ఆడించడం చూసి, మూర్ఛ జబ్బేమోనని చంద్రవ్వ తాయెత్తు కట్టించింది. "జబ్బు కాదే అవ్వా, నువ్వు మాట్లాడేది రాస్తున్న" అని పిల్ల పడీ పడీ నవ్వింది.

ఇప్పుడా చదువే మెడకు చుట్టుకుంది. మొన్న సోమవారం సాయంత్రం, ఈ ఇన్‌స్టిట్యూట్ వెనక ఇంట్లో ఒంటరిగా ఉండే కోర్టు స్టెనోగ్రాఫర్ హనుమండ్లును ఎవరో తల పగలగొట్టి చంపారు. అయిదున్నరకు ఆయన గుమ్మంలోకొచ్చి పాలు పోయించుకున్నాడు. ఖజానా దగ్గర జవాను ఆరు గంటలు కొడుతుండగా పక్కింటాయన శవాన్ని చూసి కేకవేశాడు. మధ్య అరగంట. శవం పక్కన అనసూర్య ఇంకు పెన్ను దొరికింది.

"సార్, ఆమెను అట్ల గద్దిస్తే ఏం లాభం?" అన్నాడు కైలాసం మాస్టరు మెత్తగా. చలువ చొక్కా, మెడలో నల్లదారానికి వేలాడే స్టాప్‌వాచ్, చేతిలో గుండ్రటి రూళ్ళకర్ర. "తల్లి కడుపు. చంద్రవ్వా, నేను ఉన్నదే చెప్పిన. నీ బిడ్డ ఆ దినం అయిదుంబావుకు కడుపునొప్పని చెప్పి క్లాసు నుంచి లేచిపోయింది. మిగిలినోళ్ళం ఆరుదాక ఇక్కడనే ఉన్నం. నాకూ బాధనే."

"పోలేదన్నది సారూ. ఆఖరిదాక రాసిననన్నది."

"చెప్పక ఏం చేస్తది?" దేవదాస్ నవ్వాడు. "మరి నువ్వేమన్నవు నాతోని? బిడ్డ ఇంటికి ఎప్పుడొచ్చింది?"

"ఆరు కొట్టినంక" అంది చంద్రవ్వ. అది అబద్ధం.

గది వెనక వైపు, గోడ గడియారం కింద, ఒకాయన గొంతుక్కూర్చుని నేల మీద ఏదో చూస్తున్నాడు. ఖద్దరు లాల్చీ, నెరిసిన మీసం. ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"చెల్లె, నా పేరు లింగమూర్తి. హైదరాబాద్ నుంచి వచ్చిన. హనుమండ్లు నా దోస్తు. నైజాం జమానాల మేమిద్దరం సి.ఐ.డి.ల షార్ట్‌హ్యాండ్ రిపోర్టర్లం. మీటింగులల్ల లీడర్లు మాట్లాడుతుంటే వేదిక కింద కూసొని రాసేటోళ్ళం. తరువాత ఆయన కోర్టుకు పోయిండు, నేను గీ డిటెక్టివ్ పనిల పడ్డ."

"ప్రైవేటు డిటెక్టివ్" అన్నాడు దేవదాస్, ఆ మాటను ఉమ్మేసినట్టుగా. "పెండ్లాం మొగని మీద, మొగడు పెండ్లాం మీద నిఘా పెట్టిచ్చుకునేటోళ్ళకు గిరాకీ మనిషి. ఈ కేసుల ఎవలు పిలిచిన్రు నిన్ను?"

"సచ్చిపోయినాయనే పిలిచిండు." లింగమూర్తి జేబులోంచి ఇన్‌లాండు లెటరు తీశాడు. "శనివారం రాసిండు. జడ్జిగారు తీర్పు చదవకముందే అది కంట్రాక్టర్లకు తెలుస్తున్నదట. టైపు చేయకముందు తీర్పు ఉండేది తన నోటుబుక్కుల గీతలల్లనే. ఆ గీతలు చదవగలిగినోడు ఎవడో తన ఇంట్లకు వస్తున్నడని అనుమానం రాసిండు. పేరు రాయలే."

"గీతలు చదివేది ఎవలు? గీ బడి పిల్లలే. నా మాటనే గెలిపిస్తున్నవు, షుక్రియా."

"బడిల పిల్లలే కాదుగద ఉండేది, ఇన్‌స్పెక్టర్ సాబ్."

మాస్టరు రూళ్ళకర్ర ఒక్క క్షణం ఆగి మళ్ళీ అరచేతిలో తిరిగింది. చంద్రవ్వ అది చూసింది. చూసి, తనకెందుకులే అని కళ్ళు దించుకుంది.

లింగమూర్తి ఆమెకు ఎదురుగా బెంచీ లాక్కుని కూర్చున్నాడు.

"పెన్ను ముచ్చట చెప్పు చెల్లె. అనసూర్య పెన్ను ఆయన ఇంట్లకు ఎట్ల పోయింది?"

"ఆదివారం నాడే ఇచ్చింది అయ్యా. పాళీ గీసుకపోతున్నదని. పోరగాండ్లందరియి ఆయననే సాపు చేసి ఇస్తడట."

"అవు. ఆయన బల్ల మీద ఇంకా మూడు పెన్నులున్నయి. దేవదాస్ సాబ్‌కు ఒకటే కనబడ్డది."

"మూడు పెన్నులు బల్ల మీద, ఒకటి నెత్తుట్ల" అన్నాడు దేవదాస్ చురుగ్గా.

"నెత్తుట్ల పెట్టేటందుకు పెన్నుకు కాళ్ళు అక్కరలేదు సాబ్, చెయ్యి ఒకటుంటే చాలు. మాస్టరు గారూ, సోమవారం క్లాసు ఎట్ల నడుస్తది?"

"ప్రతి సోమవారం కోర్టు క్లాసు. పాత కేసు ఫైలు తీసుకొని గంటసేపు ఆపకుండ చదువుత. చెయ్యి గుంజినా ఆగొద్దు. కోర్టుల సాక్షి ఆగడు గద? ఖజానా గంట అయిదు కొట్టంగనే షురూ చేసిన, ఆరింటికి ఆపిన. పిల్లలందరు గోడ గడియారం చూసుకునే లేచిన్రు. పదకొండు మందిని నిన్న మీరే అడిగిన్రు."

"అడిగిన" అన్నాడు లింగమూర్తి. "అందరు ఆరే అన్నరు. అనసూర్య లేచిపోయిందా అంటే మాత్రం ఎవలూ చూడలే అన్నరు."

"డిక్టేషన్‌ల తల ఎత్తితే మాట జారిపోతది. అది మీకు తెల్వదా?"

"బాగ తెలుసు" అన్నాడు లింగమూర్తి. "సోమవారం నోటుబుక్కులు ఒకసారి చూస్త."

"నిన్న దిద్దేటందుకు తీసుకున్న. ఇంటికాడున్నయి."

"లేవు. మీ ఇంటి బాయి దగ్గర నీళ్ళు కాగబెట్టే పొయ్యిల బూడిదున్నది. అండ్ల నోటుబుక్కుల తీగచుట్టలు పదకొండున్నయి. పిల్లలు పన్నెండు మంది."

మాస్టరు ముఖం మారలేదు. "రాసిపారేసిన పాతయి ఎప్పుడూ కాలుస్తనే ఉంటం" అన్నాడు.

చంద్రవ్వ చెయ్యి తనకు తెలియకుండానే నడుముకు పోయింది. అక్కడ చీరమడతలో, నిన్న పొద్దుగూకాక పోలీసులు ఇంటికొచ్చి వెళ్ళినప్పటి నుంచీ, కండెల గంపలో ఒకసారి, బియ్యం కుండలో ఒకసారి దాచి, ఎక్కడా ధైర్యం చాలక ఒంటికే కట్టుకున్న పుస్తకం ఉంది. పొద్దున పిల్ల ఇల్లంతా వెతికింది. "అవ్వా, నా నోటుబుక్కు చూసినవా?" అంటే "నాకు తెల్వది" అంది తను. అందులో ఏముందో తనకు అర్థం కాదు. రాత్రి బడిలో తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చిందే గాని, ఈ వంకర గీతలు ఎవరికి ఎలా కనబడతాయో, ఏ గీతలో పిల్లకు ఉరి రాసి ఉందో అని భయం.

"ఇయ్యి చెల్లె" అన్నాడు లింగమూర్తి నెమ్మదిగా. "పన్నెండోది నీ దగ్గరనే ఉన్నది. వచ్చినప్పటి సంది చెయ్యి ఆడికే పోతున్నది."

"బాంచెన్ అయ్యా, అది..."

"ఇయ్యకుంటే సాబ్ గుంజుకుంటడు. నువ్వే ఇస్తే నేను చదువుత."

ఆమె గోడ వైపు తిరిగి పుస్తకం తీసి, రెండు చేతులతో ఇచ్చింది. దేవదాస్ చెయ్యి చాచాడు. లింగమూర్తి పుస్తకాన్ని అటు ఇవ్వలేదు.

"సాక్ష్యం దాచిపెట్టుడు నేరం, లింగమూర్తీ!"

"సాక్ష్యం కాల్చినోన్ని వదిలిపెట్టి దాచినామెను పట్టుకుంటవా? మీ మేజిస్ట్రేట్ ముంగట ఆ ముచ్చటనే చెప్పు, వింటడు. నాకు రెండు నిమిషాలియ్యి. గీ గీతలు నీకు చదవ వస్తయా?"

దేవదాస్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లింగమూర్తి సోమవారం పేజీలు తెరిచి చంద్రవ్వ ముందు పెట్టాడు. పేజీల నిండా చిక్కుపడ్డ నూలు పోగుల్లాంటి గీతలు. పక్కన అంచులో మాత్రం అక్కడక్కడ, ఎర్రటి పెన్సిలుతో చిన్న అడ్డగీతలు.

"నువ్వు కండెలు లెక్కపెట్టే మనిషివి. తప్పు పోవు. గీ ఎర్రగీతలు లెక్కపెట్టు చెల్లె."

ఆమె వేలు ఒక్కో గీత మీదుగా కిందికి దిగింది. పేజీ తర్వాత పేజీ. ఒకటి, రెండు, ఏడు, పద్దెనిమిది... ఆఖరి పేజీలో వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"నలభై."

"మాస్టరు గారు చదువుతుంటే చేతిల స్టాప్‌వాచ్ పెట్టుకొని, నిమిషం కాంగనే రూళ్ళకర్రతోని బల్ల మీద ఒక దెబ్బ కొడ్తరు. ఎక్కడ నేర్పినా ఇదే పద్ధతి. దెబ్బ ఇనబడంగనే పిల్లలు అంచుల ఒక గీత పెట్టాలె, తమ వేగం ఎంతున్నదో తెలిసెటందుకు. గీత ఒక్కటి, నిమిషం ఒక్కటి."

చంద్రవ్వకు లెక్క తెలిసింది. నలభై నిమిషాలు. అయిదుకు మొదలైతే అయిదూ నలభై. మాస్టరు చెప్పింది నిజమే, పిల్ల మధ్యలో లేచిపోయింది. తను దాచిన నిజం ఈ పుస్తకం కక్కేసింది. ఇంకేం దాచాలి? ఆమె నేల మీద కూలబడింది.

"నేనే అబద్ధం చెప్పిన సారూ! ఆరు కొట్టినంక కాదు, కొట్టకముందే వచ్చింది. రోజు నేను గడపల నిలబడే ఉంట. ఖజానాల ఆరు కొట్టి, నేను దిష్టికి మిరపకాయలు తీసి పెట్టుకునేంత సేపటికి గాని రాదు. ఆ దినం వచ్చి, కాళ్ళు కడుక్కొని, చాయ్ తాగినంక గంట కొట్టింది. పొద్దున్నే చెప్దామనుకున్న, మాస్టరు సారు చెప్పినట్టే అయితదని నోరు రాలే. నా బిడ్డ చీమను తొక్కది సారూ! దాని బదులు నన్ను కట్టుకపోండ్రి!"

"అయిపాయె!" దేవదాస్ లాఠీ చంకలో పెట్టుకున్నాడు. "తల్లే చెప్పింది. అయిదూ నలభైకి లేచింది, వెనక సందులకు పోయి ముసలాయన తల పగలగొట్టింది, ఆరు లోపల ఇంటికి చేరింది. ఇంక నీ దుకాణం బంద్ చేస్కో డిటెక్టివ్ సాబ్."

"మాస్టరు గారు అయిదుంబావు అన్నరు. అట్లయితే గీతలు పదిహేనే ఉండాలె."

"పావో ముప్పావో, నేను రాసి పెట్టుకోలే" అన్నాడు మాస్టరు. ఈసారి గొంతులో మెత్తదనం కొంచెం తగ్గింది.

"రాసి పెట్టుకున్నది అనసూర్యనే. ఆ దినం చదివిన ఫైలు చూపెట్టుండ్రి. ఆఖరి మాటేంది?"

మాస్టరు బీరువా తెరిచి ఫైలు తెచ్చి ఇచ్చాడు. లింగమూర్తి చివరి కాగితం తిరగేసి, పుస్తకంలో నలభయ్యో గీత కింద వేలు పెట్టి, ఒక్కో గీతా కూడబలుక్కుంటూ చదివాడు. "'చదివి వినిపించగా సరియని ఒప్పుకొని సంతకము చేసితిని.' ఫైలుల గూడ ఇదే ఆఖరి మాట. సాబ్, పిల్ల మధ్యల లేస్తే ఆఖరి మాట ఎట్ల రాస్తది? లేవలే. క్లాసే నలభై నిమిషాలు నడిచింది. అయిదూ నలభైకి పన్నెండు మంది లేచిన్రు. వాళ్ళతోటి, డిక్టేషన్ చదివినాయన గూడ ఖాళీ అయిండు."

"పదకొండు మంది గడియారంల ఆరు చూసిన్రు!"

"గడియారం ఎక్కడున్నది?"

దేవదాస్ తిరిగి చూశాడు. విద్యార్థులు కూర్చునే బల్లలన్నీ ముందు వైపుకు తిరిగి ఉన్నాయి. గడియారం వాళ్ళ వీపుల వెనక గోడకు ఉంది.

"రా, దగ్గరికొచ్చి చూడు. నువ్వు గూడ రా చెల్లె."

ముగ్గురూ గది చివరికి వెళ్ళారు. లింగమూర్తి దీపపు వెలుగుకు కాగితం అడ్డం పెట్టినట్టు ఒక చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని గడియారం గాజు తలుపు చూపించాడు. పైన మూడు వంతులు సన్నటి దుమ్ము. కింది అంచున నాలుగు వేళ్ళంత మేర శుభ్రంగా తుడుచుకుపోయి ఉంది.

"కీ ఇచ్చేది ఆదివారం, పక్కనున్న చిల్లునుంచి. తలుపు తెరిచే పని లేదు. ముల్లు తిప్పేటోనికే తెరిచే పని. చదివేటాయన ఒక్కచోట నిలబడడు, బల్లల నడుమ తిరుగుకుంట చదువుతడు. తలలన్ని కిందికున్నయి. నోరు చదువుతనే ఉన్నది, చెయ్యి ముల్లును ఇరవై నిమిషాలు ముందుకు జరిపింది. పిల్లలు లేచి తిరిగి చూసేసరికి ఆరు. తర్వాత తొవ్వల ఖజానా గంట ఇనబడ్డా ఎవలు లెక్కపెడ్తరు? వాళ్ళు పోయినంక వెనక సందుల పని కానిచ్చి, మళ్ళ వచ్చి ముల్లు సరి చేసిండు. అంత తెలివిగా అనుకున్నడు గని, ముప్పై ఏండ్ల అలవాటు చేతిని వదలలే. నిమిషానికొక దెబ్బ కొట్టుకుంటనే పోయిండు. మర్నాడు గీతలు యాదికొచ్చి పుస్తకాలు కాల్చిండు."

చంద్రవ్వ బిడ్డ గొంతుకు బిగిసిందనుకున్న ముడి విడిపోయింది. ఆ విడిపోయిన తాడు ఎవరి మెడకు చుట్టుకుందో చూడాలని వెనక్కి తిరిగింది.

బీరువా తలుపు తెరిచే ఉంది. ఫైలు బల్ల మీద ఉంది. రూళ్ళకర్ర దాని మీద అడ్డంగా ఉంది. మాస్టరు లేడు.

"జవాన్!" దేవదాస్ అరుపుకు వాకిట్లో కానిస్టేబుల్ పరుగున వచ్చాడు. "మాస్టరేడి?"

"చాయ్ చెప్పి వస్తనని సైకిల్ మీద పోయిండు సార్. మీరందరు వెనుకకు తిరిగి గడియారం చూస్తున్నరు గద, మీకు తెలుసనుకున్న."

దేవదాస్ ముఖం నల్లబడింది. లాఠీని బల్లకేసి కొట్టి, "జీపు తియ్యి! బస్‌స్టాండు, జగిత్యాల రోడ్డు, రెండు దిక్కుల చూడుండ్రి!" అని అరిచాడు. తర్వాత లింగమూర్తి వైపు చూడకుండానే, "వాడు పారిపోతే నీ లెక్చరే కారణం" అన్నాడు.

"పారిపోతే మంచిదే" అన్నాడు లింగమూర్తి. ఆయన గొంతు మారింది. పుస్తకం ఆఖరి పేజీ దగ్గర చూపు ఆగిపోయి ఉంది. సోమవారం పాఠం అయిపోయాక, ఒక పేజీ వదిలేసి, నీలం పెన్సిలుతో తొందరగా గీసిన ఎనిమిదో తొమ్మిదో వరసలు.

"ఏమున్నది సారూ?" చంద్రవ్వ ఆయన పెదవులనే చూస్తోంది.

"ఇది పాఠం కాదు. నిన్నటి మధ్యాహ్నం రాసుకున్నది. మాకు అందరికి ఉన్న జబ్బే, మతికి పెట్టుకోవాల్సింది ఏదున్నా గీతలల్లనే రాసుకుంటం." ఆయన తడబడుతూ చదివాడు. "'నలభై గీతలే ఉన్నయి. ఇంటికొచ్చినంక ఖజానా ఆరు కొట్టింది. మాస్టరు గారిని అడిగిన. గడియారం ఖరాబైంది, ఎవరితో అనకు, ఇన్‌స్టిట్యూట్ పరువు పోతదన్నరు. నీ మీద పోలీసు కేసు లేకుండ నేను చూసుకుంట అన్నరు.'"

"ఎప్పుడు అడిగింది? నాకు చెప్పనేలేదు! ఇంకా చదువు!"

"'బుధవారం పొద్దుగాల ఎనిమిదిన్నరకు మానేరు ఒడ్డుకు, పాత జిన్నింగు మిల్లుకు పొమ్మన్నరు. పాత టైపు మిషన్లు పెట్టిన గోదాం. తాళంచెవి ఇచ్చిన్రు. నోటుబుక్కు తెమ్మన్నరు. తను వచ్చేదాక లోపట గొళ్ళెం వేసుకొని కూసొమ్మన్నరు.'"

బుధవారం అంటే ఇవాళే. దేవదాస్ ఒక్క ఉదుటున వాకిట్లోకి పరుగెత్తాడు. జీపు స్టార్టు కాక దగ్గి ఆగింది. మళ్ళీ దగ్గింది.

లింగమూర్తి పుస్తకం మూసి చంద్రవ్వ చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె కదల్లేదు.

"ఇంకొక్క వరుస ఉన్నది సారూ. నువ్వు చదవలే. నేను చూస్తనే ఉన్న."

"నడువు చెల్లె, టైం లేదు."

"చదువు!"

ఆయన పుస్తకం తెరవలేదు. తెరవనక్కరలేకుండానే చెప్పాడు.

"'అవ్వకు చెప్పొద్దన్నరు. నేను గూడ చెప్పను. ఉత్తగనే భయపడ్తది.'"